నీమ్‌లో మూడు గోరీలు

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, మధ్యధరా సముద్రానికి దగ్గర్లో నీమ్ అనే ఊరుంది. జనాభా లక్షన్నర దాకా ఉంటుంది. మన వేపచెట్టుకు ఉర్దూలో ఉన్న పేరే ఆ ఊరి పేరు. ఫార్సీ తెలిసినవాళ్లకు నీమ్ అంటే సగం అనే అర్థం కూడా తడుతుంది. నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్ అని మన ఇళ్లలో పెద్దలు అంటుంటారు కదా, సగం చదువు వైద్యుడితో ప్రాణానికి ముప్పు అని. సగం చదువు చరిత్రకారుడితో వచ్చే ముప్పు ఏపాటిదో 1992 డిసెంబరు తర్వాత ఈ దేశ ముస్లింలకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ ఊరి గురించి రాయాలనిపించింది. తన చరిత్రలో సగాన్ని దీపాలు పెట్టి చూపించే ఊరు ఇది. మిగతా సగం మట్టి కింద ఉంది.

స్టేషనులో దిగి చెట్ల నీడన నేరుగా పది నిమిషాలు నడిస్తే ఎదురుగా అరేనా కనిపిస్తుంది. రెండు వరుసల రాతి కమానులు, వరుసకు అరవై. 133 మీటర్ల పొడవు, 101 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల ఎత్తు. క్రీస్తు శకం మొదటి శతాబ్దం చివర్లో కట్టారు. ఇరవై నాలుగు వేల మంది కూర్చుని, మనిషి మనిషిని చంపడం, మనిషి మృగాన్ని చంపడం చూసేవారు. రాయి మీద రాయి ఇంకా అలాగే ఉంది. రోమ్ కూలిపోయాక విసిగోతులనే తెగవాళ్లు దీన్ని కోటగా మార్చుకున్నారు. ఆ తర్వాత జనం లోపలే ఇళ్లు కట్టుకున్నారు. లోపలే చర్చి, లోపలే వీధులు, లోపలే బావులు. ఇలా వందల ఏళ్లు కాపురాలు నడిచాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆ ఇళ్లు కూల్చడం మొదలుపెట్టి, పంతొమ్మిదో శతాబ్దం మొదటికల్లా పూర్తిగా ఖాళీ చేయించారు. రోమన్ల కాలం కనపడాలంటే మధ్యలో బతికిన పేదవాళ్ల కాలం అడ్డొచ్చిందన్నమాట. పురాతన కట్టడాన్ని కాపాడుకోవడం తప్పని నేననను. కానీ ఏ వెయ్యేళ్లను ఊడ్చేస్తే ఏ రెండొందల ఏళ్లు మెరుస్తాయో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించారు. ఆ నిర్ణయం గురించి అక్కడ నిలబడి కెమెరా తీసేవాళ్లలో ఒక్కరూ ఆలోచించరు.

అక్కణ్నుంచి కొంచెం దూరంలో మేజోన్ కారె. ఆ మాటకు చదరపిల్లు అని అర్థం, నిజానికి అది దీర్ఘచతురస్రపు గుడి. అగస్టస్ చక్రవర్తి మనవళ్లు, దత్తపుత్రులు అయిన గాయస్, లూసియస్‌ల పేర క్రీస్తు శకం మొదటి పదేళ్లలో కట్టించారు. ఈ గుడి ఆ తర్వాత ఊరి సభా భవనమైంది, గుర్రాల సాల అయింది, చర్చి అయింది, ప్రభుత్వ దస్తావేజుల గది అయింది. ఒక మతం గుడిలో మరో మతం ప్రార్థన జరిగింది. ఎవరూ దాన్ని కూల్చి పాత లెక్క తేల్చాలని గడ్డపార పట్టుకు రాలేదు. 2023 సెప్టెంబరులో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయం చేసిన సమావేశం జరిగింది సౌదీ రాజధాని రియాద్‌లో కావడం ఒక తమాషా. ఊరికి యాభై కిలోమీటర్ల పొడవున నీళ్లు తెచ్చిన రాతి కాలువను ఏటి మీదుగా దాటించిన మూడంతస్తుల పోన్ ద్యు గార్ వంతెన అంతకుముందు 1985లోనే ఆ జాబితాకెక్కింది. నలభై తొమ్మిది మీటర్ల ఎత్తున, సున్నం పూయకుండా రాళ్లు పేర్చి నిలబెట్టిన పని అది. ఆ కూలీల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

ఇక ఊరి గుర్తు చూడండి. ఖర్జూరపు చెట్టుకు గొలుసుతో కట్టేసిన మొసలి. వీధి గుంజల మీద, కాలిబాట మీది కంచు బిళ్లల మీద, మున్సిపాలిటీ కాగితాల మీద అదే. దక్షిణ ఫ్రాన్సులో మొసలి ఎక్కడిది? నైలు నది మొసలి అది. రోమ్ ఈజిప్టును గెలిచినందుకు గుర్తుగా ఈ ఊళ్లో కొట్టిన నాణేల మీద ఆ బొమ్మ వేశారు. 1535లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాంస్వా దాన్నే ఊరి అధికార చిహ్నంగా అనుమతించాడు. అంటే ఆఫ్రికా నుంచి గొలుసుకు కట్టి తెచ్చిన జంతువు రెండు వేల ఏళ్లుగా ఈ ఊరి సొంతం. ఆఫ్రికా నుంచి తన కాళ్ల మీద తాను వచ్చిన మనిషి మాత్రం మూడు తరాల తర్వాత కూడా వలసవాడే. ఊరికి పడమర పిస్వాఁ అనే పేట ఉంది. 1960లలో కట్టిన పెద్ద పెద్ద అపార్టుమెంట్లు. ఉత్తరాఫ్రికా మూలాలున్న ముస్లింలు చాలామంది ఉండేది అక్కడే. 2023 ఆగస్టులో అక్కడ మత్తుమందు ముఠాల కాల్పుల్లో కారులో పోతున్న పదేళ్ల పిల్లవాడు చనిపోయాడు. నాలుగు రోజులు పత్రికలు మోగాయి. యాత్రికుల పటాల్లో ఆ పేట ఉండదు.

రోమన్లకంటే ముందు ఈ ఊళ్లో ఎవరున్నారు? గాల్ తెగలవాళ్లు. ఇక్కడ ఒక నీటి ఊట ఉంది, ఇప్పుడు దాని చుట్టూ అందమైన తోట. ఆ ఊటలో ఉన్న నెమౌసస్ దేవుడికి వాళ్లు మొక్కేవారు. ఊరి పేరు ఆ దేవుడిదే. రోమన్లు బయటినుంచి సైన్యంతో వచ్చినవాళ్లు. తమ భాష తెచ్చారు, తమ దేవుళ్లను తెచ్చారు, తమ చట్టం తెచ్చారు. గాల్ భాష చచ్చిపోయింది. ఇంత జరిగినా రోమన్ దండయాత్ర అన్న మాట ఊళ్లో ఎక్కడా కోపంగా వినపడదు. అది వారసత్వం. 2018 జూన్‌లో అరేనా ఎదురుగానే రోమన్ మ్యూజియం ఒకటి తెరిచారు. వసంతంలో రోమన్ ఆటల పండుగ చేస్తారు. వందల మంది మామూలు మనుషులు, మాస్టర్లు, గుమాస్తాలు, రిటైరైనవాళ్లు, ఇత్తడి టోపీలు పెట్టుకుని, డాళ్లు పట్టుకుని సైనికుల్లా వీధుల్లో కవాతు చేస్తారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను ఆలోచించింది ఒక్కటే. ఏడు వందల ఏళ్ల తర్వాత ఇదే ఊరికి వచ్చిన ఇంకో సైన్యం వేషం కట్టి ఇదే వీధిలో ఎవరైనా నడిస్తే ఏమవుతుంది?

ఎందుకంటే అలాంటి సైన్యం వచ్చింది. 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టిన ముస్లిం సేనలు 719లో నార్బోన్ పట్టుకున్నాయి. 725లో అంబసా ఇబ్న్ సుహైమ్ నాయకత్వంలో నీమ్ దాకా వచ్చాయి. కార్కసోన్ ఊరిని ముట్టడించి గెలిచారు గాని నీమ్ యుద్ధం లేకుండా, ఒప్పందం మీద లొంగిందని క్రైస్తవ సన్యాసుల వృత్తాంతమే చెబుతోంది. జామీనుగా కొందరిని బార్సిలోనాకు పంపించారు. తర్వాత 732లో పోయిటీర్స్ దగ్గర ఫ్రాంకుల నాయకుడు షార్ల్ మార్తెల్ చేతిలో ముస్లిం సేన ఓడిపోయింది. బడి పుస్తకాల్లో మిగిలింది ఈ ఒక్క తేదీ. యూరప్‌ను, క్రైస్తవాన్ని కాపాడిన యుద్ధమని పంతొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు దాన్ని ఆకాశానికెత్తారు. 2012 అక్టోబరులో ఒక మితవాద గుంపు పోయిటీర్స్‌లో కడుతున్న మసీదు కప్పెక్కి ఆ సంవత్సరం అంకెను బ్యానరు మీద రాసి వేలాడదీసింది. మసీదు కప్పెక్కడం అనే మాట వినగానే మనకు గుర్తొచ్చేది వేరే ఊరు.

ఆ తేదీ తర్వాత ఐదేళ్లకు, 737లో, జరిగింది మాత్రం బడి పుస్తకాల్లో కనపడదు. షార్ల్ మార్తెల్ సైన్యంతో దక్షిణానికి దిగాడు. నార్బోన్ కోటను పట్టుకోలేకపోయాడు. తిరుగుదారిలో నీమ్, ఆగ్ద్, బెజియే ఊళ్ల గోడలు పడగొట్టించాడు, కాల్పించాడు. ఈ మాట రాసింది శత్రువులు కాదు, అతని సొంత పక్షం వృత్తాంతకారులు, గొప్పగా రాసుకున్నారు. నీమ్ అరేనాకు కూడా నిప్పు పెట్టించాడని చెబుతారు. రోమన్ నీమ్‌ను తగలబెట్టింది ముస్లింలు కాదు, ముస్లింల నుంచి కాపాడాడని పేరుపడ్డ మనిషి! ఇంకో సంగతి. ఆ ప్రాంతపు క్రైస్తవ ప్రభువులు కొందరు ఫ్రాంకులకు వ్యతిరేకంగా ముస్లింలతో చేతులు కలిపారు. ప్రోవాన్స్ దొర మోరొంతస్, నార్బోన్ వలీ యూసుఫ్ ఒకే పక్షాన ఉన్నారు. 752లో నీమ్‌ను ఫ్రాంకుల రాజు పెపిన్‌కు అప్పగించింది ఒక గోత్ ప్రభువు. 759లో నార్బోన్‌లోని గోతులు తమ పాత చట్టం ప్రకారం తమను బతకనిస్తామన్న హామీ తీసుకున్నాకే తలుపులు తెరిచారు. మతం కోసం మతం చేసిన యుద్ధమని మనకు చెప్పే కథలో ఈ బేరసారాలు ఇమడవు. అందుకే వాటిని వదిలేస్తారు. గోల్కొండ సుల్తానుల దర్బారులో అక్కన్న మాదన్నలు మంత్రులని, మొఘలు ఔరంగజేబు దాడి చేసింది ముస్లిం సుల్తాను మీదేనని మన దగ్గర వదిలేసినట్టు.

ఈ కొద్ది దశాబ్దాల ముస్లింల ఉనికికి నీమ్‌లో ఏ ఆనవాలూ లేదని చాలాకాలం అనుకున్నారు. 2006-07లో ఊరి నడిమధ్యన, పాత రోమన్ ప్రాకారం లోపల, పురావస్తు శాఖవాళ్లు తవ్వకాలు జరిపారు. ఇరవై దాకా సమాధులు బయటపడ్డాయి. వాటిలో మూడు వేరుగా ఉన్నాయి. శవాలను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టారు. ముఖాలు ఆగ్నేయానికి, అంటే అక్కణ్నుంచి మక్కా వైపు. గొయ్యి తవ్వి దాని పక్క గోడలో అర చేసి అందులో శవాన్ని ఉంచిన తీరు. మన ఖబరస్తాన్లలో గోరీ తవ్వేవాణ్ని అడగండి, బగ్లీ అని వెంటనే చెబుతాడు. లహద్ అన్నా అదే. మన దగ్గర ఖిబ్లా పడమర కాబట్టి తల ఉత్తరానికి పెట్టి ముఖం పడమరకు తిప్పుతాం, అక్కడ ఆగ్నేయం. అంతే తేడా. ఎముకల వయసు కట్టి చూస్తే ఏడో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం మధ్య అని తేలింది. ముగ్గురూ మగవాళ్లు. ఒకడు ఇరవైల్లో ఉన్నవాడు, ఒకడు ముప్పైకి అటూ ఇటూ, ఒకడు యాభై దాటినవాడు. తండ్రి వైపు జన్యువులు చూస్తే ఉత్తరాఫ్రికా బెర్బర్ల వంశం. ఎముకల మీద కత్తి గాట్లు లేవు. 2016 ఫిబ్రవరిలో ఈ వివరాలు శాస్త్ర పత్రికలో వచ్చాయి. ఫ్రాన్సులో దొరికిన అతి పాత ముస్లిం సమాధులివేనని రాశారు.

ఈ వార్త చదివినప్పుడు మనలో చాలామందికి ఒక ఊపు వస్తుంది. చూశారా, పన్నెండు వందల ఏళ్ల కిందటే ఉన్నాం అని. ఆ ఊపు దగ్గర కాస్త ఆగాలి. అక్కడి పండితులే వాళ్లు ఉమయ్యద్ సైన్యంతో వచ్చిన బెర్బర్లు అయివుండొచ్చన్నారు. సైన్యంతో వచ్చినవాడు సైన్యంతో వచ్చినవాడే, రోమన్ అయినా ముస్లిం అయినా. ఒకణ్ని వారసత్వం అని, ఇంకొకణ్ని చొరబాటు అని పిలిచే రెండు నాల్కల మీదే నా పోట్లాట. దండయాత్రను నెత్తిన పెట్టుకోవడానికి కాదు.

పైగా ఆ ముగ్గురు ఎవరనుకుంటున్నారు? గెలిచినవాళ్లలో ఓడినవాళ్లు. అరబ్బులు ఉత్తరాఫ్రికాను జయించి, బెర్బర్లు ఇస్లాం తీసుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు. యుద్ధంలో ముందు వరసలో నిలబడింది వాళ్లు. ఖలీఫా గవర్నర్లు మతం మారిన తర్వాత కూడా వాళ్ల దగ్గర ముస్లిమేతరుల పన్నులే గుంజారు. అందరూ భాయిభాయి అని కలిమా చెప్పించినవాళ్లే పంపకాల దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు. ఆ కడుపు మంటే 740లో పెద్ద తిరుగుబాటయింది. మగ్రిబ్‌లో పెద్ద భాగం ఖలీఫా చేతినుంచి జారిపోయింది. నీమ్‌లో ఆ ముగ్గురు బతికిన రోజులు బహుశా ఇవే. సయ్యదులు, షేకులు, పఠాన్లు ఒక పక్క, దూదేకులవాళ్లు ఇంకో పక్క కూర్చునే మన మహల్లాల్లో ఈ కథ అర్థం కాకపోవడానికి ఏముంది? దూదేకులవాడికి ఉర్దూ రాదని ఎగతాళి చేసిన నోటితోనే, మెజారిటీ మమ్మల్ని పరాయివాళ్లంటోందని మనం వాపోతుంటాం. బెర్బర్‌కి అరబ్బీ ఎంతవరకు వచ్చో ఆ ఎముకలు చెప్పవు. ముఖం మాత్రం ఖిబ్లాకు తిప్పి ఉంది.

ఆ తవ్వకంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జన్యువుల లెక్క కాదు. ఆ మూడు గోరీలు ఊరి బయట విసిరేసినట్టు లేవు. ప్రాకారం లోపలే, అదే కాలపు ఇతరుల సమాధులకు దగ్గర్లోనే ఉన్నాయి. ఎవరో తీరిగ్గా, పద్ధతిగా, నియమం తెలిసి పూడ్చారు. అంటే జనాజా నమాజు చదివే నలుగురు ఉన్నారు. పక్కింటి క్రైస్తవుడు అభ్యంతరం చెప్పలేదు, లేదా చెప్పినా చెల్లలేదు. ఈనాటి ఫ్రాన్సులో ముస్లింల కోసం విడిగా చోటున్న శ్మశానాలు తక్కువ. అందుకే చాలా కుటుంబాలు శవాన్ని విమానమెక్కించి మొరాకోకో అల్జీరియాకో పంపుతాయి. 2020లో కరోనా వచ్చి మొరాకో సరిహద్దులు మూసేసినప్పుడు, ఆ దేశంలో పుట్టి పెరిగి పోయినవాళ్లకు ఆరడుగుల నేల కోసం ఇంటివాళ్లు ఊరూరూ ఫోన్లు చేసుకోవలసి వచ్చింది.

నీమ్‌లో మైనారిటీ అంటే ముస్లింలే కారు. ఈ సంగతి లౌకిక మిత్రులు కూడా తెలుసుకోవాలి. పదహారో శతాబ్దం నుంచి ఈ ఊరు ప్రొటెస్టెంట్ల కంచుకోట. దేశమంతా క్యాథలిక్కులు, ఇక్కడ వీళ్లది పైచెయ్యి. పైచెయ్యి ఉన్నప్పుడు వీళ్లూ మంచివాళ్లుగా ఉండలేదు. 1567 సెప్టెంబరులో పదుల మంది క్యాథలిక్కులను చంపి బావిలో వేశారు. 1598లో రాజు ఇచ్చిన నాంత్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు ఆరాధన హక్కు దక్కింది. 1685 అక్టోబరులో పద్నాలుగో లూయీ ఆ శాసనాన్ని రద్దు చేశాడు. ప్రార్థనా మందిరాలు కూల్చారు. ఇళ్లలో సైనికులను దించి మతం మారేదాకా మేపమన్నారు. పాస్టర్లు దేశం వదలాలి, మామూలు జనం వదలగూడదు. కొండల్లో, క్వారీల్లో రాత్రిపూట చాటుగా ప్రార్థనలు జరిగాయి. నీమ్‌కు దగ్గర్లోని ఏగ్-మోర్త్ కోట బురుజులో మరీ ద్యురాన్ అనే ఆడమనిషి 1730 నుంచి 1768 దాకా, ముప్పై ఎనిమిదేళ్లు ఖైదులో ఉంది. మతం మారతానని ఒక్క మాట అంటే తలుపు తెరిచేవారు. అనలేదు.

పాల్ రబో అనే పాస్టరు ఈ చాటు ఆరాధనలు నడుపుతూ దశాబ్దాలు తలదాచుకున్నాడు. అతని కొడుకు రబో సెంతేతియెన్ నీమ్ తరఫున విప్లవ కాలపు జాతీయ సభకు వెళ్లాడు. 1789 ఆగస్టులో మానవ హక్కుల ప్రకటన చర్చల్లో అతనన్న మాట సారాంశం ఏమిటంటే, మాకు సహనం అక్కర్లేదు, స్వేచ్ఛ కావాలి. సహనం అన్న మాటే అవమానం, అది క్షమించదగ్గ నేరస్తుడి పట్ల చూపేది అన్నాడు. మన దేశంలో సర్వమత సహనం గురించి వేదికలెక్కి మాట్లాడే పెద్దలకు ఈ పాస్టరు కొడుకును పరిచయం చెయ్యాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఆయనను 1793లో గిలటిన్‌కు పంపారు, అది వేరే కథ. 1815లో రాజు తిరిగొచ్చినప్పుడు నీమ్‌లో క్యాథలిక్ గుంపులు ప్రొటెస్టెంట్లను ఊచకోత కోశాయి. ఆ హత్యలకు శిక్షలు పడ్డవాళ్లు చాలా తక్కువ. ఈ వాక్యం రాస్తుంటే తేదీ, ఊరు మార్చి ఎన్నిచోట్ల రాయొచ్చో మీరూ లెక్కపెట్టుకోండి.

ఈ ఊరివాడే బెర్నార్ లజార్, 1865లో పుట్టాడు, యూదుడు. సైన్యంలో యూదు అధికారి డ్రైఫస్‌ను దేశద్రోహి అని తప్పుడు కాగితాలతో జైల్లో వేస్తే, అందరికంటే ముందు, 1896లో, అది అన్యాయమని పుస్తకం అచ్చువేసినవాడు. జోలా గొంతెత్తింది ఆ తర్వాతే. 1908లో నీమ్ తోటలో అతని స్మారక విగ్రహం పెట్టారు. రాజరికవాద కుర్రాళ్లు దాని ముక్కు పగలగొట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది పూర్తిగా పోయింది.

ఆ లూయీ రాజు 1685లో ప్రొటెస్టెంట్లను నిషేధించాడని చెప్పాను. సరిగ్గా ఏడాదికి, 1686 అక్టోబరులో, ఇంకో నిషేధం తెచ్చాడు. అది మన మీద. అక్కడ అందియెన్ అని పిలిచే అద్దకం నూలుబట్టలు, అంటే మన మచిలీపట్నం కలంకారీ లాంటివి, ఫ్రాన్సులో అమ్మగూడదు, అచ్చు వేయగూడదు. ఫ్రెంచి కంపెనీ 1669లోనే గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో కోఠీ పెట్టుకుంది. అక్కడి అద్దకపు బట్ట చూసి ఫ్రెంచి ఆడవాళ్లు మోజుపడితే పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. నిషేధం 1759 దాకా నడిచింది. ఎంత నడిచినా దక్షిణాన ఆ పూల అచ్చు ఆగలేదు. ఇవాళ ఆ ప్రాంతపు దుకాణాల్లో సంప్రదాయ ప్రోవాన్స్ గుడ్డ అని అమ్మే ఎర్రపూల, మామిడిపిందెల బట్టకు మూలం బందరు, కోరమండల్ రేవుల్లో ఉంది. బట్ట స్థానికమైపోయింది. జీన్సు గుడ్డను డెనిమ్ అనడం కూడా ద నీమ్, అంటే నీమ్‌ది, అన్న మాట నుంచే వచ్చిందంటారు.

ఇప్పుడు పండుగ సంగతి. ఏటా పెంతెకొస్తుకు ఫెరియా జరుగుతుంది, 1952 నుంచి. సెప్టెంబరులో ద్రాక్షకోతల ఫెరియా ఇంకొకటి. ఊరంతా వీధుల్లోనే. బ్యాండు మేళాలు, స్పెయిన్ పాటలు, పెద్ద పెద్ద మూకుళ్లలో పాయెల్లా, తెల్లగుర్రాల మీద కామార్గ్ రౌతులు ఎద్దులను తోలుకుపోవడం. తాగనివాడికి అర్ధరాత్రి దాటాక పెద్దగా పని ఉండదు గాని, జనం ఆనందం నిజమైనది. పిస్వాఁ కుర్రాళ్లు కూడా వస్తారు. సాయంత్రం అరేనాలో కొరీదా. ఎద్దును పొడిచి పొడిచి చివరికి కత్తి దింపుతారు. ఫ్రెంచి చట్టం ప్రకారం జంతువుల మీద క్రూరత్వం నేరం. కానీ ఎడతెగని స్థానిక సంప్రదాయం ఉన్నచోట కొరీదాకు మినహాయింపు 1951 నుంచి ఉంది. 2012లో రాజ్యాంగ మండలి దాన్ని సమర్థించింది. 2022 నవంబరులో నిషేధ బిల్లు పార్లమెంటుకొచ్చి వెనక్కి పోయింది. బక్రీదుకు కుర్బానీ కూడా కబేళాలో చేస్తే అక్కడ మినహాయింపు ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. అయితే ఎద్దుకు దొరికిన మినహాయింపును సంస్కృతి అంటారు, గొర్రెకు దొరికిన మినహాయింపు మీద ఏటా టీవీల్లో పంచాయితీ పెడతారు. సుప్రీంకోర్టు 2023లో జల్లికట్టును సంస్కృతి అని ఒప్పుకున్న దేశంలో, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోళ్లకు కత్తులు కట్టే దేశంలో, బక్రీదు ముందు పశువుల లారీని ఆపి డ్రైవరును కొట్టే దేశంలో ఉన్న మనకు దీన్ని అనువాదం చేసి చెప్పక్కర్లేదు.

ఎడతెగని సంప్రదాయం అట. ఎంతకాలం ఉంటే ఎడతెగనిదవుతుంది? నీమ్‌కు ఈశాన్యంగా, అదే జిల్లాలో, సెయిన్-మోరీస్-లార్దువాజ్ అనే చోట ఒక శిబిరం ఉండేది. అల్జీరియా యుద్ధంలో ఫ్రెంచి సైన్యం పక్షాన పోరాడిన ముస్లింలను హార్కీలంటారు. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక చంపేస్తారన్న భయంతో ఫ్రాన్సుకు పారిపోయి వచ్చారు. ఫ్రాన్సు కోసం ప్రాణాలొడ్డినవాళ్లను ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. ఈ శిబిరం 1976 దాకా నడిచింది. తొలి చలికాలాల్లో అక్కడ పదుల కొద్దీ పసిపిల్లలు చనిపోయారు. పుట్టి రోజులైనవాళ్లే ఎక్కువ. ఊరి పక్క పొలంలో పూడ్చారు, పేరు రాసిన రాయి లేదు. 2021లో దేశాధ్యక్షుడు హార్కీలను క్షమించమని అడిగాడు. 2022లో చట్టం వచ్చింది. 2023 మార్చిలో అక్కడ తవ్వి చూస్తే చిన్న చిన్న గోరీలు బయటపడ్డాయి. ఆ పిల్లల తోబుట్టువులు, ఇప్పుడు ముసలివాళ్లు, గట్టు మీద నిలబడి చూశారు.